ఎనిమిదో వంతు

మేము ముగ్గురం అక్కచెల్లెళ్ళం. ముగ్గురం ఒకచోట కూచుని చెప్పుకుంటూ రాస్తున్నాం కాబట్టి ఇందులో 'నేను' అనే మాట రాదు. మాది నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టి బతికే ఒక ఊరు. జిల్లా కేంద్రానికి ముప్పై కిలోమీటర్లు. మాలో పెద్దామె పదో తరగతితో ఆగింది. నడిపామె ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో ఆగింది. చిన్నామె ఎట్లాగో బీఎస్సీ దాకా ఈది ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరయింది. ముగ్గురిలో లెక్కలు నిజంగా వచ్చింది మాత్రం నడిపామెకే. ఈ మాట మిగతా ఇద్దరం కుళ్ళు లేకుండా ఒప్పుకుంటున్నాం.

రెండు మాటలు వింటూ పెరిగాం మేం. ఇంట్లో విన్నది: "లడ్కీ జాత్ హిసాబ్ సీఖ్ కే క్యా కర్తీ?" బడిలో విన్నది: "మీ సాయిబులు ఆడపిల్లల్ని చదివించరు గదమ్మా, నీకెందుకీ కష్టం?" ఇంట్లోవాళ్ళకు మేం ఆడపిల్లలం. బడిలో వాళ్ళకు మేం తురకోళ్ళ పిల్లలం. ఎవరి దగ్గరా మేం లెక్కలు చేసే పిల్లలం కాము.

ఆడవాళ్ళకు లెక్కలు రావని ఎవరన్నారో గానీ వాళ్ళు మా అమ్మీని చూడలేదు. అమ్మీ బడి మొహం ఎరగదు. కట్టకు 25 బీడీలు, వెయ్యికి 40 కట్టలు. గల్లీలో కార్డు లేని నలుగురు ఆడవాళ్ళు చుట్టిన బీడీలు కూడా అమ్మీ కార్డు మీదే కార్ఖానాకు పోయేవి. ఎవరివి ఎన్ని, ఎవరికి ఎంత ఆకు ఇచ్చింది, తంబాకు తక్కువ పడితే ఎవరి వంతులోంచి కోత, బాగా లేవని పక్కన పారేసినవి ఎవరివి, వారం చివర ఎవరి చేతికి ఎన్ని రూపాయలు పోవాలి, అన్నీ నోటితోనే. కార్ఖానా మునీం కాగితం మీద రాసుకుని చేసిన లెక్కను అమ్మీ గుమ్మంలో నిలబడే తప్పు పట్టేది. మునీం మళ్ళీ కూడుకుని, "సరేలే బీబీ" అనేవాడు. దీన్ని ఎవరూ లెక్కలు రావడం అనలేదు. గయ్యాళితనం అన్నారు.

ఏడో తరగతి దాకా మేం చదివింది ఉర్దూ మీడియం. ఊళ్ళో ఉన్నది అంతవరకే. ఎనిమిదికి తెలుగు మీడియం హైస్కూలు. లెక్కలు ఏ భాషలోనైనా ఒకటే అంటారు పెద్దవాళ్ళు. ఒకటే కావచ్చు, పేర్లు మాత్రం రాత్రికి రాత్రి మారిపోయాయి. ముసల్లస్ త్రిభుజమైంది. జావియా కోణమైంది. ఆదె ఆజమ్ గ.సా.భా. అయింది. కసర్ భిన్నమైంది. కసర్ అని రాసే అక్షరాలతోనే ఉర్దూలో లోటు అనే మాట కూడా రాస్తారు. 'బస్ ఇత్నీసీ కసర్ రహ్ గయీ' అని మా ఇళ్ళలో అంటుంటారు, ఇంచుమించు అయిపోయి ఆగిన పనుల గురించి. నడిపామె ఎనిమిదో తరగతిలో మొదటి మూడు నెలలు లెక్క ఉర్దూలో చేసుకుని జవాబు తెలుగులో రాసేది. నోరు తెరిస్తే 'ముసల్లస్' అని వచ్చేది, క్లాసంతా నవ్వేది. దాంతో నోరు తెరవడం మానేసింది. మాట్లాడకపోతే రాదనుకున్నారు సార్లు.

ఇక్కడొక సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. ఇదే నేల మీద 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో లెక్కలు, భౌతికశాస్త్రం, వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలో చెప్పారు. దానికోసం ఒక ఏడాది ముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి పుస్తకాలు తయారుచేశారు. ముసల్లస్ అనే మాటతో సైన్సు నడిచిన రాష్ట్రం ఇది. 1948 తర్వాత ఆ దారి మూసుకుపోయింది. మూసినవాళ్ళు మూశారు, మాకు ఇంకో దారి చూపించే పని మాత్రం ఎవరూ పెట్టుకోలేదు. ఏడు దాకా ఒక భాషలో నడిపించి, ఎనిమిదిలో ఇంకో భాషలోకి తోసి, కాలేజీలో ఇంగ్లీషులోకి తోసి, చివర నిలబడి 'వీళ్ళకు లెక్కలు రావు' అని రాసుకున్నారు.

నడిపామెకు తొమ్మిదిలో తెలుగు కుదిరింది. అప్పుడు మొదలైంది ట్యూషన్ గొడవ.

మా ఊళ్ళో లెక్కల సారు ట్యూషన్ తెల్లవారి 5 గంటలకు. తన ఇంటి అరుగు మీద, పెట్రోమాక్స్ లైటు కింద చెప్పేవాడు. పది చదివే మగపిల్లలందరూ అక్కడే. బడిలో పుస్తకం సగమే అయ్యేది, మిగతా సగం ఆ అరుగు మీద అయ్యేది. ఇది అందరికీ తెలిసిన రహస్యం. భాయ్‌జాన్ నడిపామె కన్నా ఒక క్లాసు ముందు. టార్చిలైటు పట్టుకుని సైకిలెక్కి పోయేవాడు. చీకట్లో ఆడపిల్లను పంపడమా? అది అడగాల్సిన ప్రశ్న అని కూడా మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. సారుకూ తోచలేదు. సాయంత్రం నాలుగింటికి ఒక గంట పెట్టి ఉంటే మా గల్లీ నుంచే ఆరుగురం పోయేవాళ్ళం. మా హిందూ స్నేహితురాళ్ళు కూడా ఆ ఐదు గంటల ట్యూషన్‌కు పోలేదు, వాళ్ళిళ్ళలోనూ చీకటి చీకటే. వాళ్ళకు కనీసం సారు భార్యతో పరిచయం ఉండేది, మధ్యాహ్నం పూట వంటింట్లో కూచుని డౌట్లు అడిగి వచ్చేవాళ్ళు. మాకు ఆ వంటింటి దాకా రాకపోకలు లేవు.

భాయ్‌జాన్‌కు లెక్కలంటే గిట్టదు. రాత్రి అతను పడుకున్నాక నడిపామె అతని ట్యూషన్ నోటుబుక్కు తీసి చదివేది. తర్వాత తర్వాత అతని హోంవర్కు కూడా చేసిపెట్టేది. తొమ్మిదో తరగతి పిల్ల పదో తరగతి లెక్కలు చేస్తోందన్నమాట. ఒకరోజు సారు ఆ నోటుబుక్కు చూసి, "ఈ లెక్క నువ్వు చేసింది కాదురా. ఎవరు చేసిన్రు?" అని అడిగాడట. భాయ్‌జాన్ "దోస్తు చేసిండు సార్" అన్నాడట. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. మేమూ నవ్వాం. నడిపామె నవ్విందో లేదో మాకు గుర్తు లేదు.

1992 మార్చిలో నడిపామె పదో తరగతి రాసింది. లెక్కల్లో రెండు పేపర్లూ కలిపి నూటికి 96. ఊళ్ళో ఆ ఏడు అదే ఎక్కువ. అబ్బా ఎంత సంతోషపడ్డాడంటే, వద్దన్న ఫుప్పు మాట కాదని, వద్దన్న మామూల మాట కాదని, జిల్లా కేంద్రంలో ఎంపీసీలో చేర్పించాడు. బీపీసీ అయితే నయమన్నారు కొందరు, డాక్టరమ్మ అయితే పర్దాలో ఉండి కూడా ఆడవాళ్ళకు వైద్యం చెయ్యొచ్చని. సీఈసీ అయితే ఇంకా నయమన్నారు, పెళ్ళి కుదిరినప్పుడు ఆపేయొచ్చని. ఎంపీసీ చదివిన ఆడపిల్ల ఏమవుతుందో మా వాళ్ళకు ఊహకు రాలేదు. ఇంజనీరు అంటే సిమెంటు, ఇనుము, నలుగురు మేస్త్రీలు. అబ్బా ఒక్కటే అన్నాడు: "జో ఆతా వహీ పఢేగీ." ఏది వస్తే అదే చదువుతుంది. ఆ కాలానికి, ఆ గల్లీకి అది చిన్న మాట కాదు. మా అబ్బాను చెడ్డవాణ్ణి చేసి రాయమని అడిగేవాళ్ళు నిరాశపడాల్సిందే.

ఆరు నెలలు బస్సులో పోయి వచ్చింది. సెక్షన్‌లో ఆడపిల్లలు ఐదుగురు, ముస్లిం పిల్ల తనొక్కతే. తర్వాత డిసెంబర్ 6 వచ్చింది. ఆదివారం. అయోధ్యలో బాబ్రీ మసీదు పడగొట్టారు. రేడియో దగ్గర అబ్బా, చుట్టుపక్కల మగవాళ్ళు, ఎవరూ మాట్లాడలేదు. కొన్నాళ్ళు కాలేజీ లేదు. తెరిచాక మొదటిరోజు నడిపామె నఖాబ్ వేసుకుని బస్సెక్కింది. వెనక సీట్లోంచి ఎవరో ఒక మాటన్నారు. ఆ మాట ఇక్కడ రాయం. అన్నవాళ్ళకు గుర్తుండదు. బస్సులో ఉన్న మిగతావాళ్ళు కిటికీలోంచి బయటికి చూశారు. సాయంత్రం ఆమె ఇంట్లో ఏమీ చెప్పలేదు, కానీ అదే బస్సులో వచ్చిన మా గల్లీ మనిషి అబ్బాకు చెప్పాడు. మర్నాడు అబ్బా పొద్దున్నే నమాజు చేసుకుని వచ్చి, చెప్పులు విప్పకుండానే గడపలో నిలబడి, "ఇక చాలు బేటీ" అన్నాడు. గొంతు తడబడింది. ఆమె ఎదురు చెప్పలేదు. త్రికోణమితి పుస్తకం తీసుకెళ్ళి బీడీ ఆకుల బస్తా వెనక పెట్టింది.

ఆ పుస్తకం ఎవరు ఆపినట్టు? మతమా, మసీదు కూల్చినవాళ్ళా, బస్సులో మాటన్నవాడా, కిటికీలోంచి చూసినవాళ్ళా, అబ్బానా, ముప్పై కిలోమీటర్లా? మేం ముగ్గురం ఇన్నేళ్ళుగా పోట్లాడుకుంటూనే ఉన్నాం. పెద్దామె అబ్బానే అంటుంది. చిన్నామె బస్సు అంటుంది. నడిపామె ఏమీ అనదు.

ఈ పాత సంగతి ఇప్పుడెందుకు ఎత్తామంటే, నడిపామె కూతురు ఈమధ్య ఇంటికొచ్చి కొన్ని అంకెలు చెప్పింది. ఆ పిల్ల లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఎట్లా చెయ్యగలిగిందో తర్వాత చెబుతాం. లెక్కల్లో, సైన్సుల్లో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మధ్య దూరం ఎంత, దాన్ని కొలవడం ఎట్లా, తగ్గించడం ఎట్లా అని ప్రపంచంలోని శాస్త్రవేత్తల సంఘాలు కలిసి, అంతర్జాతీయ గణిత సంఘం ముందుండి, 2017 నుంచి 2019 దాకా ఒక పెద్ద పని చేశాయట. 159 దేశాల నుంచి 32 వేల మందికి పైగా ప్రశ్నలకు జవాబులు రాశారు. ఆడవాళ్ళలో నాలుగోవంతు కన్నా ఎక్కువమంది చదువుకునే చోటో పనిచేసే చోటో తమకు లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. దీని ముగింపు సభ 2019 నవంబర్‌లో ఇటలీలోని త్రియెస్తెలో జరిగింది, పాకిస్తాన్ భౌతికశాస్త్రవేత్త అబ్దుస్ సలామ్ 1964లో స్థాపించిన కేంద్రంలో. ఆయన శాఖవాళ్ళు ముసల్మానులే కారని 1974లో తీర్మానం చేసిన దేశం ఆయన సొంత దేశమే. ఆయన పేరు విని అమ్మీ "మనవాడేనా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక అవునన్నాం.

మన దేశం అంకెలు కూడా చెప్పింది పిల్ల. ప్రభుత్వం వేసిన ఉన్నత విద్య సర్వేలో 2021-22 సంవత్సరానికి సైన్సు చదువుల్లో 57.2 లక్షల మంది ఉంటే అందులో ఆడపిల్లలు 29.8 లక్షలు, మగపిల్లలు 27.4 లక్షలు. ఆడపిల్లలే ఎక్కువ! మేం నమ్మలేదు. మళ్ళీ చెప్పించుకున్నాం. అయితే బీటెక్‌కు వచ్చేసరికి ఆడపిల్లలు నూటికి ముప్పై లోపే. పరిశోధన పనుల్లో నేరుగా ఉన్నవాళ్ళు 2018 లెక్కల ప్రకారం నూటికి 16.6 మందే. డబ్బు, ఉద్యోగం, పేరు ఉన్నచోటికి వెళ్ళేకొద్దీ గల్లంతవుతున్నారన్నమాట. ఐఐటీల్లో ఆడపిల్లలు మరీ తక్కువని 2018లో వాళ్ళకోసం అదనపు సీట్లు పెట్టడం మొదలైంది. మొదట 14 శాతం వచ్చేట్టు, మరుసటి ఏడు 17, 2020కి 20. సీటు పెడితే పిల్లలు వచ్చారు. ఇన్నేళ్ళు ఎక్కడున్నారు వాళ్ళు?

అంకెలన్నీ విన్నాక నడిపామె అడిగింది: "ఇందులో నేను యాడున్న?"

పిల్ల దగ్గర జవాబు లేదు. సర్వేలు శాస్త్రవేత్తలైనవాళ్ళను అడుగుతాయి. కాలేజీలో చేరినవాళ్ళను లెక్కపెడతాయి. ఐదు గంటల ట్యూషన్‌కు పోని పిల్ల ఏ కాగితం మీదా లేదు. ఆడవాళ్ళు ఎంతమంది అన్న వరుస ఒకటి, ముస్లింలు ఎంతమంది అన్న వరుస ఒకటి ఉంటాయి. 2020-21 సర్వేలో మొత్తం విద్యార్థుల్లో ముస్లింలు 4.6 శాతం. 2011 జనాభా లెక్కల్లో మేం 14.2 శాతం. ఈ అంకె చూసి బాధపడేవాళ్ళు మగపిల్లల్ని తలుచుకుంటారు, ఆ అంకె చూసి బాధపడేవాళ్ళు హిందూ ఆడపిల్లల్ని తలుచుకుంటారు. రెండు వరుసలు కలిసే గడిలో నిలబడ్డవాళ్ళం మేము. ఆ గడిలోకి ఎవరూ తొంగిచూడరు.

చూసినవాళ్ళు కూడా ఒక మాటతో సరిపెడతారు: మీ మతం. సరే, మతమే అనుకుందాం. 2015లో జరిగిన టిమ్స్ అనే అంతర్జాతీయ పరీక్షల్లో ఎనిమిదో తరగతి లెక్కల్లో ఒమాన్, బహ్రెయిన్, జోర్డాన్ దేశాల్లో ఆడపిల్లలు మగపిల్లల్ని మించిపోయారు. ఆ దేశాల్లో ఉన్నది ఏ మతం? అక్కడి ఆడవాళ్ళకు అన్నీ సుఖాలే అని మేం చెప్పడం లేదు. పలక ముందు కూచోబెడితే లెక్క చేస్తారనే చెబుతున్నాం.

తగ్గించడం ఎట్లా అన్నదానికి పిల్ల చెప్పినవాటిలో మాకు బాగా నచ్చింది బీహార్ సంగతి. అక్కడ 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్ళు ఇచ్చింది. తర్వాత ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్క తీస్తే హైస్కూలులో ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగింది, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గింది. బడి మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న ఊళ్ళలోనే ఎక్కువ ఫలితం. ఆడపిల్లల మెదడు మీద ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఈ సైకిల్ సంగతి వినాలి. తెలంగాణలో 2016 నుంచి మైనారిటీ గురుకులాలు వచ్చాయి, మొత్తం 204. సగానికి దగ్గరగా ఆడపిల్లలవి. వాటిలో లోపాలు చిన్నామె గంటసేపు చెప్పగలదు, అయినా మా గల్లీ పిల్లలు ఇద్దరు అక్కడుండి చదివి ఎంపీసీ తీసుకున్నారు. వాళ్ళకు ముప్పై కిలోమీటర్ల బస్సు లేదు, చీకటి ట్యూషన్ లేదు. ఇంకొకవైపు 2022 ఫిబ్రవరిలో కర్ణాటకలో ఉడుపి కాలేజీ గేటు దగ్గర తలమీద గుడ్డ ఉందని ఆడపిల్లల్ని ఆపడం టీవీలో చూశాం. ఆ గేటు చూస్తుంటే నడిపామె లేచి వంటింట్లోకి పోయింది.

ఇప్పుడు ఆ పిల్ల ఎట్లా చదివిందో చెప్పాలి. దానికి ముందు మా అబ్బా పోవడం గురించి చెప్పాలి.

2004లో అబ్బా పోయాడు. మిగిల్చింది ఇల్లు, ఊరి చివర రెండెకరాల చెలక. చాలీస్వాఁ అయ్యాక పెద్దలు కూచున్నారు, షరియత్ ప్రకారం ఎవరి హిస్సా ఎంతో తేల్చడానికి. భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు. పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు. మిగిలినదాంట్లో కొడుక్కి రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. మగవాళ్ళు వరండాలో కాగితం, పెన్సిలు పెట్టుకుని ఎనిమిదో వంతు తీసేసి మిగిలినదాన్ని ఎట్లా చీల్చాలో తెలియక తంటాలు పడుతున్నారు. ఒకాయన మూడో వంతులన్నాడు, ఒకాయన మొదట కొడుకులవి తీసేద్దామన్నాడు. పర్దా వెనక కూచుని వింటున్నాం మేం. నడిపామె పెదాలు కదిలాయి. తర్వాత చిన్నపిల్లాడి చేతికి చీటీ ఇచ్చి పంపింది. మిగిలింది ఎనిమిదిలో ఏడు. ఇద్దరు కొడుకులకు రెండేసి నాలుగు, ముగ్గురు కూతుళ్ళకు ఒక్కొక్కటి మూడు, మొత్తం ఏడు పాళ్ళు. ఏడుకు ఏడు సరిపోయింది. అంటే అమ్మీకి ఎనిమిదో వంతు, ఒక్కో కొడుక్కి రెండు ఎనిమిదో వంతులు, ఒక్కో కూతురికి ఒక ఎనిమిదో వంతు. రెండెకరాలంటే 80 గుంటలు. అమ్మీకి పది, వాళ్ళకు ఇరవై ఇరవై, మాకు పది పది పది.

మౌల్వీసాబ్ చీటీ చదివి మాషాఅల్లాహ్ అన్నాడు. ఎవరు చేశారని ఎవరూ అడగలేదు.

తర్వాత ఎప్పుడో పిల్ల చెప్పింది, ఆల్జీబ్రా అన్న పేరే అల్-జబ్ర్ అనే అరబ్బీ మాట నుంచి వచ్చిందని, ఆ మాటకు విరిగిన ఎముకను తిరిగి కూర్చడమని అర్థం ఉందని. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్-ఖ్వారిజ్మీ రాసిన ఆ పుస్తకంలో చివరి పెద్ద భాగమంతా ఆస్తి పంపకాల లెక్కలేనట. ఎవరికి ఎంత హిస్సా అని తేల్చడానికే. మా ఇంట్లో ఆ ఆల్జీబ్రా మొత్తం జరిగింది, చివర ఒక్కటి తప్ప. లెక్క తేలింది, భూమి చేతికి రాలేదు. "మీ పెళ్ళిళ్ళకు అయిన ఖర్చు ఎంతనుకున్నారు? బహెనాఁ మాఫ్ కర్ దేతే" అన్నారు పెద్దలు. అక్కచెల్లెళ్ళు తమ వాటా అన్నదమ్ములకు వదిలేయడం మా దగ్గర మర్యాద. అడిగితే పుట్టిల్లు పోతుంది. కూతురికి సగమేమిటని బయటివాళ్ళు మమ్మల్ని నిలదీస్తుంటారు. ఆ చర్చ మాకూ ఉంది, మా మధ్యే చాలాసార్లు జరిగింది. అయితే ఆ సగమైనా ఎంతమంది చేతికి వచ్చిందో కూడా అడగండి. పెద్దామె, చిన్నామె అక్కడికక్కడే మాఫ్ అన్నారు. ఇది రాస్తూ ఇద్దరం తలొంచుకున్నాం. నడిపామె ఏమీ అనలేదు. ఆమె మౌనాన్ని ఒప్పుకోలుగా రాసుకున్నారు.

2010 ఆగస్టులో హైదరాబాదులో ప్రపంచ గణిత మహాసభ జరిగింది. రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ చేతుల మీదుగా నలుగురికి ఫీల్డ్స్ పతకాలు ఇచ్చారు, నలుగురూ మగవాళ్ళే. దానికి ముందు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆడ గణితవేత్తలు విడిగా రెండురోజులు సభ పెట్టుకున్నారు. బస్సెక్కితే నాలుగైదు గంటల్లో వెళ్ళేంత దూరం. మాకు ఆ సంగతే తెలియదు. అది రంజాన్ నెల, సహరీకి లేచి రొట్టెలు కాలుస్తున్నాం. నాలుగేళ్ళకు, 2014లో, ఆ పతకం మొదటిసారి ఒక ఆడమనిషికి వచ్చింది. మరియం మీర్జాఖానీ, టెహ్రాన్‌లో పుట్టిన పిల్ల. పేపర్లో ఫోటో వస్తే నడిపామె కూతురు కత్తిరించి బీరువా తలుపుకు అతికించింది. పొట్టి జుట్టు, తలమీద గుడ్డ లేదు. "ఈమె పేరు మరియమా?" అని అమ్మీ కాసేపు ఆ ఫోటో ముందే నిలబడింది. 2017లో నలభై ఏళ్ళకే ఆమె క్యాన్సర్‌తో పోయిందని తెలిసినరోజు మా ఇంట్లో సొంత మనిషి పోయినట్టే ఉంది.

ఫోటో అతికించిన మరుసటి ఏడు, 2015లో, ఆ పిల్ల పదో తరగతి పాసైంది. ఎంపీసీ చదువుతానంది. నిజామాబాద్‌లో ఆడపిల్లల హాస్టల్ ఉన్న కాలేజీలో రెండేళ్ళ ఫీజు వాళ్ళ నాన్న ఆటో సంపాదనకు అందేది కాదు. ఆ రాత్రి నడిపామె భాయ్‌జాన్ ఇంటికి పోయి, పదకొండేళ్ళ తర్వాత, తన పది గుంటలు అడిగింది. ఇంట్లో పిడుగు పడ్డట్టయింది. వదిన గిన్నెలు విసిరింది. "కూతురి చదువుకోసం అన్న కడుపు కొడతావా?" అన్నారు బంధువులు. నడిపామె ఒకటే మాట: "మాఫ్ అని నేను అనలే. మీరు అనుకున్నరు." పెద్దామె, చిన్నామె ఈసారి ఆమె పక్కన నిలబడ్డాం. ఆలస్యంగానే.

సర్వేయర్‌ను పిలిపించారు. చెలక వెడల్పు 33 అడుగుల గొలుసుకు సరిగ్గా మూడు గొలుసులు, అంటే 99 అడుగులు. ఒకవైపు నుంచి పది గుంటలు తీసి హద్దు పెట్టాలి. సర్వేయర్ ఏదో గుణించుకుని, టేపు పట్టించి, 105 అడుగుల దగ్గర రాయి పాతించాడు. భాయ్‌జాన్ గట్టు మీద మొహం అటు తిప్పుకుని కూచున్నాడు. మేం ముగ్గురం వేపచెట్టు కింద. నడిపామె నఖాబ్ వెనక్కి తీసింది. గుంటకు 1,089 చదరపు అడుగులు, పది గుంటలకు 10,890, దాన్ని 99తో భాగిస్తే 110. "ఐదడుగులు తక్కువున్నయి" అంది. గట్టిగానే అంది. కూతురు చేతిలో నోటుబుక్కు తీసి గబగబా చేసి చూసి తలూపింది.

సర్వేయర్ కాగితం చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. భాయ్‌జాన్ వైపు తిరిగి, "ఎవరు చేసిన్రు సాబ్ ఈ లెక్క?" అని అడిగాడు.

భాయ్‌జాన్ చాలాసేపు పలకలేదు. తర్వాత మా వైపు చూడకుండానే, "మా చెల్లె" అన్నాడు.

సర్వేయర్ మనుషులు రాయి పీకి ఐదడుగులు అవతల పాతారు.